పొర తయారైన తీరు వ్రాయవద్దా?

తెలుగు బోధించే అధ్యాపకునికి ఇంధన ఘటాలతో ఏమి పని అని ఈ సంచికను తిరగవేసే విద్యార్థులు నవ్వుకొనవచ్చు. మొదట మేమూ అట్లే అనుకొన్నాము. మేము చదివినది తెలుగు ఎం.ఏ.; ప్రయోగశాల గడప తొక్కడం ఇంటర్మీడియెట్‌తోనే సరి. అయితే రెండేండ్లుగా మన కళాశాల రసాయనశాస్త్ర విద్యార్థులు తమ ప్రాజెక్టు నివేదికలకు తెలుగు సంక్షేపం వ్రాసుకొని, దిద్దిపెట్టుమని మా వద్దకు తెస్తున్నారు. వారిలో మదనపల్లె వారు కొందరు, పుంగనూరునుండి ఉదయపు బస్సుకు వచ్చేవారు కొందరు, కుప్పం వైపునుండి వచ్చి హాస్టలులో ఉండేవారు కొందరు. సంధులూ విభక్తులూ దిద్దుతూ పోగా, వ్యాకరణ దోషాలకంటె పెద్ద లోపమొకటి మా కంటబడినది. దానిని గూర్చియే ఈ వ్యాసం.

ఆ నివేదికలన్నీ ఇంధన ఘటాలలో వాడదగిన పాలిమర్ పొరలను గూర్చినవి. దినుసుల తూకం గ్రాములో పదోవంతు వరకు వ్రాసి ఉన్నది. పొర తయారైన విధానం మాత్రం అన్నింటిలోనూ ఒకటే వాక్యం: ద్రావణాన్ని గాజు పళ్ళెంలో పోసి ఆరబెట్టగా పొర ఏర్పడినది. ఎప్పుడు పోసినారు? ఏప్రిల్ ఎండలోనా, కార్తికపు ముసురులోనా? ఎన్ని గంటలు ఆరినది? నీడలోనా, పొయ్యి ప్రక్కనా? ఒలిచిన తరువాత ఏ నీటితో కడిగినారు? ఇవేవీ లేవు. కొంత చదివి, రసాయనశాస్త్ర మిత్రులను విసిగించి తెలుసుకొన్న మీదట మాకు కలిగిన అభిప్రాయమేమంటే, పొర విషయంలో వ్రాయకుండ వదలిన ఆ మాటలే అసలు విషయం. తూకం దాని తరువాతిది.

ఇంధన ఘటమంటే ఏమో తెలియని కళావిభాగపు విద్యార్థులకోసం కొంచెం చెప్పవలె. 1839లో విలియం గ్రోవ్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు, వృత్తిచేత న్యాయవాది, హైడ్రోజన్ ఆక్సిజన్ వాయువులను ప్లాటినం పలకలవద్ద కలియనిచ్చి విద్యుత్తును రాబట్టినాడు. విద్యుత్తుతో నీటిని విడగొట్టే ప్రయోగం మన విద్యార్థులు చేసినదే; ఇది దానికి తిరుగు దారి. హైడ్రోజన్ పరమాణువునుండి ఎలక్ట్రాన్ విడిపోతుంది. మిగిలిన ప్రోటాన్ ఒక దారిన, ఎలక్ట్రాన్ మరొక దారిన ప్రయాణంచేసి అవతలి ఒడ్డున ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. ఎలక్ట్రాన్ బయటి తీగ వెంట చుట్టు తిరిగి పోతుంది గనుకనే మనకు దీపం వెలుగుతుంది. ప్రోటాన్ పోయే దారి పొర. ఆ పొర ప్రోటాన్లను పోనివ్వవలె, ఎలక్ట్రాన్లను నిలపవలె, వాయువులను అసలే కలియనివ్వరాదు. పెండ్లివారి వాకిట నిలిచి, పిలిచినవారిని లోపలికి పంపి పిలువనివారిని మర్యాదగా మళ్ళించే పెద్దమనిషి పనివంటిది దాని పని. ఘటం ఒక్కింటికి సిద్ధాంతరీత్యా రావలసినది 1.23 వోల్టులు, పనిచేస్తున్నప్పుడు వచ్చేది సుమారు 0.6 లేక 0.7. ఈ తరుగుదలకు కారణాలు పలు, అందులో పొర చూపే నిరోధమొకటి.

ఇక్కడ ఒక మాట. పాఠ్యగ్రంథాలు దీనికి త్వచం అని సంస్కృత పదాన్ని వాడినవి. మేము పొర అనియే వ్రాస్తున్నాము. ఉల్లిపాయకు పొర ఉన్నది, కోడిగుడ్డు పెంకు లోపల పొర ఉన్నది, కాచిన పాలమీద పొర కట్టుతుంది. ఉర్దూ విభాగపు మిత్రులు ఝిల్లీ అంటారు. రెండూ ఇంటి మాటలే. ఇంటి మాట ఉండగా వస్తువు బెదిరించదు.

ఘనరూపంలో ఉన్న పాలిమర్ పొరను ఈ పనికి వాడవచ్చునని 1955లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన విల్లర్డ్ గ్రబ్ చూపినాడు. 1965 ఆగస్టులో జెమినీ 5 వ్యోమనౌక అట్టి ఘటాలతో ఆకాశానికి వెళ్ళినది. ఆనాటి పాలీస్టైరీన్ జాతి పొరలు ఎక్కువకాలం నిలువలేదు. ఆ దశకం చివరలోనే డ్యూపాంట్ సంస్థలో వాల్థర్ గ్రోట్ రూపొందించిన నాఫియాన్ వచ్చి వాటి స్థానాన్ని ఆక్రమించినది. టెఫ్లాన్ వంటి వెన్నెముకకు సల్ఫోనిక్ ఆమ్లపు కొసలు తగిలించిన పాలిమర్ అది. ఇదంతా పరదేశపు ముచ్చట అని తీసివేయ నక్కరలేదు. 2024 జనవరి 1న మన శ్రీహరికోటనుండి లేచిన పీఎస్ఎల్‌వీ-సీ58 రాకెట్టు చివరి అంచెలో 100 వాట్ల తరగతి పాలిమర్ పొర ఇంధన ఘటమొకటి ఉన్నది. భూమికి 350 కిలోమీటర్ల ఎత్తున దానిని పరీక్షించగా 180 వాట్ల విద్యుత్తు వచ్చినదని అంతరిక్ష పరిశోధన సంస్థ ప్రకటించినది. 2025 జనవరి 8న విశాఖపట్టణం దగ్గరి పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగినది. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రాలలో ఒక తరగతికి కూడ ఇట్టి పొరలే ఆధారం. మన పిల్లలు రేపు ఉద్యోగాలకు పోయే తావులలో ఈ పొర వారికి ఎదురుపడుతుందనడం అతిశయోక్తి కాదు.

ఇక అసలు సంగతి. నాఫియాన్ పొర పొడిగా ఉంటే ప్రోటాన్లను మోయదు. దానికి నీరు కావలె. ఎంత నీరు పట్టుకొన్నదో ఒక్కొక్క ఆమ్లపు కొసకు ఎన్ని నీటి అణువులు చేరినవన్న లెక్కలో చెప్పుతారు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల వారు 1993లో ప్రచురించిన పరిశీలన ఒకటి ఉన్నది. ఒకే రకపు పొర, ఒకే మందం, ఒకే ఆమ్లం. గది వేడిమివద్ద ఆరబెట్టిన ముక్కను నీటిలో ముంచితే కొసకు సుమారు 22 అణువుల నీరు తీసుకొన్నది. 105 డిగ్రీల వేడిమివద్ద పూర్తిగా ఎండించిన ముక్కను గది వేడిమిగల నీటిలో ముంచితే సుమారు 12తో ఆగిపోయినది. వేడినీటిలో పెట్టితే కొంత కోలుకొన్నది, కాని మొదటిదానితో సమానం కాలేదు. రసాయన సూత్రం వ్రాసి చూపితే రెండు ముక్కలకూ అక్షరం తేడా లేదు. తేడా అంతా ఆరబెట్టినవాని చేతిలో ఉన్నది. వేడికి లోపలి గొలుసులు దగ్గరకు ముడుచుకొని, నీరు నడిచే సన్నని దారులు మూసుకొనిపోతాయి. పూడిన చెరువు కాలువ వానపడగానే తనంతట తాను తెరచుకొనదు గదా.

ఇంతలోనే వేడి చెరుపు చేస్తుందని నిర్ణయించుకొనరాదు. 1986లో మూర్, మార్టిన్ అనే ఇద్దరు అమెరికన్ రసాయనికులు నాఫియాన్‌ను ద్రావణంగా మార్చి మరల పొరగా పోసే పద్ధతిని వివరించినారు. ఆల్కహాలు, నీరు కలిసిన ద్రావణాన్ని గది వేడిమివద్ద ఆరనిస్తే వచ్చే పొర పెళుసుగా, ఎండిన బురదవలె బీటలు వారి ఉంటుంది; ఆల్కహాలులో వేస్తే మరల కరిగిపోతుంది. అదే పాలిమర్‌ను ఎక్కువ వేడిమివద్ద మరిగే డైమిథైల్ సల్ఫాక్సైడ్ వంటి ద్రావణిలోనికి మార్చి, అధికమైన వేడిలో నెమ్మదిగా ఆరనిస్తే గట్టి పొర వస్తుంది, కరుగదు. వేసవిలో మన చెరువుల అడుగున పరచుకొన్న బీటలను చూచినవారికి మొదటి పొర ఎట్లున్నదో బొమ్మ గీయ నక్కరలేదు. గొలుసులు కదిలి సర్దుకొనడానికి వేడి కావలె, వ్యవధి కావలె. ద్రావణి ముందే ఆవిరై పోతే సర్దుకొనే అవకాశం ఉండదు. కనుక ఒకచోట మేలు చేసిన వేడి మరొకచోట కీడు చేస్తున్నది. ఎంత వేడి, ఏ దశలో, ఎంతసేపు అన్నవే ప్రశ్నలు. ఎండించినాము అన్న ఒక్క క్రియాపదం వీటిలో దేనికీ జవాబు కాదు.

నాఫియాన్ ఖరీదైనది. అందుచేత దానికి బదులు వెదకేవారు ఎందరో. పాలీఈథర్ ఈథర్ కీటోన్ అనే గట్టి ప్లాస్టిక్కును గాఢ గంధకామ్లంలో నానబెట్టి సల్ఫోనిక్ కొసలు చేర్చుతారు. తక్కువసేపు నానితే ప్రోటాన్లకు దారి దొరకదు, ఎక్కువసేపు నానితే పొర నీటిలో ఉబ్బి జావ అవుతుంది. పాలిబెంజిమిడజోల్ అనేదానిని పాలీఫాస్ఫారిక్ ఆమ్లంలో కాచి వేడిగా పోసి గాలికి వదలుతారు. గాలిలోని తేమయే లోపలికి పోయి దానిని ఫాస్ఫారిక్ ఆమ్లంగా మార్చి పొరను గట్టిపరుస్తుంది. ఇక్కడ తేమ కూడ ఒక పనివాడే! రొయ్య పెంకులనుండి తీసే కైటోసాన్‌తో పొరలు చేసేవారున్నారు. రొయ్యల పెంపకంలో మన రాష్ట్రం దేశానికే ముందున్నది గనుక ఆ ముడిపదార్థానికి మనకు కొరత లేదు. క్షారంలో ఎంతసేపు, ఎంత వేడిలో ఉడికినదన్నదానినిబట్టి ఆ కైటోసాన్ గుణం మారుతుంది.

పొర అనగానే మన ఊళ్ళలో అందరికీ తెలిసినది వీథి మొగలోని నీటి ప్లాంటు. అక్కడ నీటిలోని లవణాలను ఆపేది కూడ పొరయే. దాని చరిత్రలోనూ ఇదే పాఠమున్నది. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్, భారతదేశంలో జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ ఇద్దరూ సెల్యులోజ్ అసిటేట్ పొరను చేసినారు. ఆ పదార్థం ఉప్పును ఆపుతుందని అప్పటికే తెలుసు. కాని నీరు బొట్టుబొట్టుగా తప్ప రాదు. వీరు ద్రావణాన్ని పలుచగా పరచి, కొద్దిసేపు మాత్రం ఆరనిచ్చి, మంచునీటిలో ముంచి, తరువాత వేడినీటిలో ఉంచినారు. పైన దట్టమైన సన్నని తోలు, దాని క్రింద బూరుగుదూదివలె గుల్లగా ఉన్న భాగం ఏర్పడినవి. నీరు ధారాళంగా వచ్చినది. పదార్థం పాతదే, తయారీ కొత్తది. ఈనాటి ప్లాంట్లలో వాడేవి వేరే రకపు పొరలైనా, సముద్రపునీటిని మంచినీరుగా చేసే పరిశ్రమ ఆ ముంచడంతోనే మొదలైనదని చెప్పవచ్చు.

ఈ విషయం మన ప్రాంతంవారికి కొత్తదిగా తోచరాదు. పట్టుకూడ పాలిమరే, పురుగు ద్రవంగా ఉమిసినది దారంగా మారుతున్నది. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాలమీదికి ఎక్కే పట్టునుగాని, కుప్పం, పుంగనూరు పల్లెలలో మల్బరీ తోటల ప్రక్కన పెరిగే పురుగునుగాని చూడండి. చిన్న పురుగులున్న గదిలో 26 మొదలు 28 డిగ్రీల వేడిమి, నూటికి 85కు తగ్గని తేమ ఉండవలెనని, పెద్దవైన తరువాత వేడిమీ తేమా రెండూ తగ్గించవలెనని రైతుకు తెలుసు. గోడకు ఆర్ద్రతామాపకం వ్రేలాడదీసిన పెంపకపు గదులను మేము చూచినాము. గూళ్ళను ఉడికించేవాడు నీటి వేడిమిని చేతితో కాకపోయినా ఆవిరితో గుర్తుపట్టుతాడు. ఉడుకు చాలకపోతే పోగు తెగుతుంది, ఎక్కువైతే పీచు లేచి వృథా అవుతుంది. పదో తరగతి దాటని ఆ రైతు గదిలో ఉన్న పరికరం మన డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో లేదు. ఈ వాక్యం వ్రాయడానికి మాకు సిగ్గుగా ఉన్నది.

మా ఫూఫీ పుంగనూరులో సగ్గుబియ్యపు వడియాలు పెట్టేది. జావ కాచడానికి ముందు మిద్దె ఎక్కి గాలి చూచేది. గాలిలో చెమ్మ ఉంటే పొయ్యి వెలిగించేది కాదు. ఈ రోజు వద్దు బేటా, బట్టకు అంటుకొని చస్తాయి అనేది. ఎండ మరీ ముదిరినా ఒప్పుకొనేది కాదు. అంచులు లేచి పగులుతాయనేది. ఆరినవని తెలిసినమీదట బట్ట వెనుకవైపు నీళ్ళు చిలకరించి ఒక్కొక్కటే ఒలిచేది. రసాయనశాస్త్రంలో ద్రావణాన్ని పోసి పొర తీయడమనే ప్రక్రియకు ఇంతకంటె చక్కని వర్ణన మేమింకా చదువలేదు. ఆమె ఏమీ వ్రాసిపెట్టలేదు; ఆమెకు వ్రాయవలసిన అవసరమూ లేకపోయినది, మిద్దె అదే, చేయి అదే గనుక. మన విద్యార్థులకు ఆ సదుపాయం లేదు. వారు చేసినదానిని మరొకరు మరొక ఊరిలో చేసి చూడవలె.

ఇప్పుడు మన కళాశాలలో జరిగిన దానికి వస్తాము. ఒక సంవత్సరం ఏప్రిల్‌లో ఒక జట్టు, ఆ తరువాత నవంబరులో మరొక జట్టు, పాలివినైల్ ఆల్కహాల్‌తో పొరలు చేసినవి. వేడినీటిలో దానిని కరిగించి, కొంచెం ఆమ్లంతోపాటు గ్లుటరాల్డిహైడ్ చేర్చి గొలుసులను ఒకదానికొకటి ముడివేసి, గాజుమీద పోయడం పద్ధతి. రెండు జట్లకూ ఆధారం ఒకే కాగితం, తూకాలూ అవే. ఏప్రిల్ జట్టువారు కలుపుతుండగానే ద్రావణం బీకరులో గడ్డకట్టనారంభించినది. హడావిడిగా పోసినదానిలో ఉండలు కట్టినవి. వరండాలో పెట్టగా మధ్యాహ్నానికే అంచులు పైకి చుట్టుకొని పెళుసుబారినవి. నవంబరు జట్టువారిది పోయడానికి నీళ్ళవలె పలుచగా ఉన్నది. వారం గడిచినా వ్రేలికి అంటుకొన్నది, దుమ్ము పట్టినది, ఒలిచినప్పుడు సాగినది. నీటిలో నానవేసి తూచి చూడగా రెండూ పట్టుకొన్న నీటికి పోలికయే లేదు.

ఇక్కడ మేము సంతోషించి ఉండవలసినది. ముడిపడే వేగం వేడిమినిబట్టి మారుతుందని, ఆరే వేగం తేమనుబట్టి మారుతుందని ఇంత తేటగా చూపే ప్రయోగాన్ని ఎవరైనా కోరి ఏర్పాటుచేసినా ఇంతకంటె బాగా వచ్చేది కాదు. జరిగినది వేరు. రెండు జట్లవారూ తమది తప్పిపోయినదని భయపడి, ఆధారపత్రంలో అచ్చయిన అంకెకు దగ్గరగా ఉండేటట్లు తమ అంకెలను సవరించుకొన్నారు. రికార్డులో రెండింటికీ ఒకటే వాక్యం, దాదాపు ఒకటే అంకె. తెలుగు సంక్షేపం దిద్దుతూ మేము ఊరక అడిగిన ప్రశ్నకు ఒక విద్యార్థి తలవంచుకొని నిజం చెప్పినందున ఈ మాత్రమైనా మాకు తెలిసినది. ఆ జట్టులోని విద్యార్థిని ఒకతె మాత్రం తన రికార్డులో జరిగినది జరిగినట్లు వ్రాసినది. అంకె ఆధారపత్రంతో కుదరలేదని ఆమెకే మార్కులు తగ్గినవి. మార్కులు వేసినవారిని మేము నిందించబోము. వారికి ఆ రికార్డులోని అంకె కనిపించినదే తప్ప ఆనాటి గాలి కనిపించలేదు. కనిపించే ఏర్పాటు మనమే చేయలేదు.

మా విద్యకు సంబంధించిన మాట ఒకటి చెప్పనివ్వండి. తిరుపతిలో చదువుకొన్న రోజుల్లో తాళపత్ర ప్రతులను చూచే భాగ్యం మాకు కలిగినది. ప్రతి చివర వ్రాయసకాడు ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ వారంనాడు ముగించినాడో వ్రాసేవాడు. తప్పులుంటే పెద్దలు మన్నించవలెనని కోరేవాడు. ఈనాడు పాఠపరిష్కర్తకు ఆ నాలుగు మాటలే చేతిదీపం. ఏ ప్రతి ముందుది, ఏది దానినుండి పుట్టినది అని తేల్చడానికి అవి పనికివస్తాయి. తప్పులున్న ప్రతిని కూడ పరిష్కర్త పారవేయడు. తప్పు ఎట్లా వచ్చినదో తెలిస్తే దానికొక విలువ ఉన్నది. తప్పును దాచి దిద్దివేసిన ప్రతియే అతనిని మోసగిస్తుంది. ప్రయోగశాల రికార్డు వేరని మేమనుకొనము. తాటాకును ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసిన తరువాతనే గంటం పట్టేవారు గదా. అదీ ఒక తయారీయే.

వ్రాయకపోవడానికి భాష ఒక కారణమని మా అనుమానం. ప్రయోగశాలలో పొరను వ్రేళ్ళతో పట్టుకొని ఆ పిల్లలు చెప్పుకొనే మాటలు మేము విన్నాము. ఇది జిగటగా ఉన్నదంటారు, బిరుసెక్కినదంటారు, పొక్కులు లేచినవంటారు, పాలిపోయినదంటారు, అంచు పెళుసుగానూ నడుమ మెత్తగానూ ఉన్నదంటారు. ఉర్దూ మాధ్యమంనుండి వచ్చినవారు చిప్‌చిపా అంటారు, భుర్‌భురా అంటారు, ఇంకా నమీ పోలేదంటారు. పరీక్షలో నిలువగల పరిశీలన లివి. రికార్డు తెరవగానే ఇవన్నీ మాయమై, మంచి ఫిల్మ్ లభించినది అని అర్థం వచ్చే నాలుగు ఇంగ్లీషు మాటలు ప్రత్యక్షమవుతాయి. ఆ నాలుగు మాటలూ పై తరగతివారి రికార్డునుండి వచ్చినవి. వారికి అంతకు ముందువారినుండి. ఇంగ్లీషు నేర్వవద్దని మేమనడం లేదు. నివేదిక ఇంగ్లీషులోనే ఉండనివ్వండి. కాని చూచిన క్షణంలో వ్రాసుకొనే చిత్తు పుస్తకాన్ని తెలుగులోగాని ఉర్దూలోగాని వ్రాసుకొనే స్వేచ్ఛ విద్యార్థికి ఉండవలె, ఆ చిత్తు పుస్తకాన్ని పరీక్షకునికి చూపే హక్కు కూడ ఉండవలె.

మా మిత్రులొకరు దీనికి అభ్యంతరం చెప్పినారు. చిన్న ఊరి కళాశాలలో కొత్త పొరను కనిపెట్టబోతామా, ఈ పట్టింపు దేనికి అని వారి వాదం. కనిపెట్టము, నిజమే. బాలాపూర్‌లో ప్రధాన కార్యాలయం గల ఏఆర్‌సీఐ సంస్థకు ఇంధన ఘటాలకోసమే చెన్నైలో ఒక ప్రత్యేక కేంద్రమున్నది. ఆ పని అట్టి చోట్ల జరుగుతుంది. కాని అట్టి చోట ఉద్యోగానికి పోయే పిల్లవాడు ఇక్కడ మూడేండ్లలో ఏమి అలవాటుచేసుకొని పోతున్నాడన్నది మన పూచీ. అంకెను సవరించే చేయి అక్కడికి పోయినా సవరిస్తుంది. ఘటంలో పెట్టిన పొర గంటలో బీటవారి హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకదానిలో ఒకటి కలిస్తే ఏమవుతుందో రసాయనశాస్త్రంవారికి మేము చెప్ప నక్కరలేదు.

మరొక మిత్రులు పరికరాలు లేవు గదా అన్నారు. ఈ అభ్యంతరంలో న్యాయమున్నది. అందుచేత కమిటీ పెద్దలకు మా మనవి. తడి పొడి బల్బుల ఆర్ద్రతామాపకం ఒకటి, వేడిమిని నిలుకడగా ఉంచే ఓవెన్ ఒకటి, మూతగల డెసికేటర్లు రెండు, సమతలంగా నిలిపే గాజు పలకలు కొన్ని చాలును. వార్షికోత్సవానికి షామియానాకూ దీపాలకూ మనం చేసే ఖర్చును ఒక్క యేడు కొంచెం కుదించుకొంటే ఇవన్నీ వస్తాయని మా అంచనా. లెక్కలు చూచే పెద్దలు సవరించవచ్చు. స్వేదనజలం ఏడాది పొడవునా ఉండేటట్లు చూడడం వీటన్నిటికంటె ముఖ్యం. మన బోరునీటిలోని సున్నపు అంశం ఎంతో గిన్నెల అడుగు చూచినవారికి తెలుసు. ఆమ్లపు కొసలున్న పొరను ఆ నీటితో కడిగితే ప్రోటాన్ల స్థానంలో కాల్షియం చేరి కూర్చుంటుంది. పొర చూడడానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. ఆ తప్పు రికార్డులో ఎన్నటికీ కనబడదు.

రసాయనశాస్త్ర విభాగంవారికి మరొక చిన్న సూచన. రికార్డులో ప్రతి పొరకూ ఒక పుట కేటాయించి, తేదీ, వేళ, గది వేడిమి, తేమ, వాడిన నీరు, పోసినప్పటి మందం, ఆరిన గంటలు, ఒలిచినవారి పేరు వ్రాయిస్తే ఎట్లుంటుంది? మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడ నీరు 100 డిగ్రీలకు కాక 98కి కొంచెం లోపలే మరుగుతుంది. మరిగే నీటిలో ఒక గంట ఉంచవలెనని అచ్చు కాగితం చెప్పినప్పుడు మనం ఉంచేది ఆ రెండు డిగ్రీలు తక్కువైన నీటిలో. దానివలన పొరకు పెద్ద భేదం రాకపోవచ్చు. అయినా వ్రాయవలె. మార్కులలో సగమైనా ఆ పుటకు ఉండవలెనని మా కోరిక. ఆ నిర్ణయం మా చేతిలో లేదు, విశ్వవిద్యాలయం చేతిలో ఉన్నది. అంతవరకు లోపలి పరీక్షల మార్కులలోనైనా మనం మొదలుపెట్టవచ్చు.

మార్కులు తగ్గిన ఆ విద్యార్థిని తన పొరను పారవేయలేదు. ఏప్రిల్ జట్టువారి పెళుసు ముక్క ఒకటి సంపాదించి, రెండింటినీ వేరువేరు కవర్లలో పెట్టి, కవర్లమీద తేదీలు వ్రాసి మాకిచ్చి వెళ్ళినది. ఏప్రిల్ కవరుమీద తెలుగులో, నవంబరు కవరుమీద ఉర్దూలో వ్రాసినది. ఎందుకట్లా చేసినదో అడుగలేదు. అవి ప్రస్తుతం మా విభాగం బీరువాలో, నిఘంటువుల ప్రక్కన ఉన్నవి. చూడదలచినవారు భోజన విరామంలో రావచ్చు.